పదకొండు గదులు

ఆ లైబ్రరీలో పేపర్లు చదివే హాలుకి ఒక గోడ ఉంది. ఎదుటి కిటికీల్లోంచి మధ్యాహ్నమంతా ఎండ దాని మీదే పడుతుంది. అక్కడ బీరువా పెడితే పుస్తకాలు ఎండి పెళుసెక్కిపోతాయని ఎప్పుడో తేలింది. పుస్తకాలకి పనికిరాని గోడ బొమ్మలకి పనికొస్తుందని కమిటీ తీర్మానం చేసింది. అలా మొదలైంది ఊరి కళాకారుల ప్రదర్శన, నెలకొకరి చొప్పున.

ఊరి కళాకారులని బోర్డు మీద రాశారుగానీ, ఆరేళ్లలో ఆ గోడెక్కినవాళ్లని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. బ్యాంకు మేనేజరుగా రిటైరైనాయన సూర్యుడు ఆ గోడ మీద ఏటా ఐదుసార్లు అస్తమించాడు. కమిటీ అధ్యక్షుడి వియ్యపురాలి పూలకుండీలు ఏటా మూడుసార్లు పూశాయి. పళ్ల డాక్టరు పడవలు వేస్తాడు. ఆయన పడవెక్కగా చూసినవాళ్లు లేరు. అందరూ మంచివాళ్లే, ఒకరికొకరు టీలు పోసుకునేవాళ్లే. ఊరంటే ఆ నాలుగు వీధులే అని ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం వాళ్లకి రాలేదు.

ఆ గోడకి మేకులు కొట్టేదీ, సుతిలి కట్టి బొమ్మలు వేలాడదీసేదీ, నెలాఖరున దింపేదీ లైబ్రరీ అటెండరు. యాభై రెండేళ్ల మనిషి. ఇరవై ఆరేళ్లుగా తలుపులు తీస్తూ, దుమ్ము దులుపుతూ, పేపర్లు కర్రలకి బిగిస్తూ, వచ్చిన ప్రతి పుస్తకానికీ ముద్ర కొడుతూ ఉంది. మొదటి పేజీలో ఒకటి, ముప్పై ఒకటో పేజీలో ఒకటి, చివర ఒకటి. గుండ్రటి ఊదారంగు ముద్ర. అందుకే చదవడానికొచ్చేవాళ్లంతా ఆమెని ముద్రక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీకే తెలుసు.

ఆ నెల పళ్ల డాక్టరు హఠాత్తుగా కుదరదన్నాడు. ఆయన పడవలకి ఇంకెక్కడో ఏసీ హాలు దొరికింది. ఒకటో తారీకుకి ఇంకా నాలుగు రోజులే ఉంది. లైబ్రేరియన్ ముప్పై ఏళ్లవాడు, బుద్ధిమంతుడు, నిబంధనల పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటాడని పేరు. ఖాళీ గోడ చూసి తల పట్టుకున్నాడు.

"మా ఆడబిడ్డ గీస్తుంది సార్" అంది ముద్రక్క.

"ఏం చేస్తుంటారావిడ?"

"గోడలు."

"గోడల మీద వేస్తారా?"

"గోడలే వేస్తుంది సార్. గీసేది కాగితాల మీద."

లైబ్రేరియన్‌కి ఎంత అర్థమైందో గానీ, కుడితిలో పడ్డ ఎలక ఏ పుల్లైనా పట్టుకుంటుంది. "తీసుకురండి" అన్నాడు.

ఆడబిడ్డ ఆ రోజు ఒక మేడ మూడో అంతస్తులో పనిలో ఉంది. పదిహేనేళ్లప్పుడు తట్ట మొయ్యడంతో మొదలుపెట్టి, మేస్త్రీలు టీకి పోయినప్పుడు వాళ్ల తాపీ ఎత్తుకుని నేర్చుకుని, నలభై దాటేసరికి గోడ నునుపు చెయ్యాలంటే ఆమెనే పిలవాలన్నంత పేరు తెచ్చుకుంది. ముద్రక్క మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చేసరికి పచ్చి గోడ మీద నీళ్లు చిలకరించి చెక్కపలకతో గుండ్రంగా రుద్దుతోంది.

"ఏం వదినా, దారి తప్పావా? ఇక్కడ పుస్తకాల్లేవు, తట్టలున్నాయి."

"నీ బొమ్మలు కావాలే."

"పొయ్యిలోకా? మా అన్నయ్య గ్యాసు తేవడం మానేశాడా?"

"మీ అన్నయ్య సంగతి తర్వాత తిడుదువుగాని. లైబ్రరీ గోడకి కడతాను. నెల రోజులు."

ఆడబిడ్డ రుద్దడం ఆపలేదు. గోడ ఆరిపోతుంటే ఆపకూడదు. ఆ బొమ్మల సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు. ఏ ఇల్లు పూర్తయినా, చివరి రోజు ఊడ్చి కడిగాక, ఇంటివాళ్లకి తాళాలు ఇచ్చేలోపు, ఒక గదిలో కింద కూర్చుని సిమెంటు బస్తా లోపలి కాగితం మీద మార్కింగు పెన్సిలుతో ఆ గదిని గీసుకుంటుంది. బొగ్గుతో నీడలు, సున్నంతో వెలుగు. మనుషులుండరు, సామానుండదు. కొత్త గోడలు, కిటికీ, కిటికీలోంచి నేల మీద పడ్డ ఎండ. అంతే.

ఎందుకే ఇవన్నీ అని ముద్రక్క ఒకసారి అడిగింది. "రేపట్నించి గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడతారు వదినా. గోడలో నా చెయ్యుంటుంది, నేను మాత్రం గోడకి అవతల" అంది అప్పుడు.

ఇప్పుడు చేతులు కడుక్కుని అంది: "పదకొండు ఇస్తాను. నెల తిరిగేసరికి పదకొండూ నా చేతికి రావాలి. వేరే ఎవరో ఇస్తే తీసుకోను, నువ్వే ఇవ్వాలి."

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీదుంది. మీ లైబ్రరీ మీద లేదు."

"మా లైబ్రరీ నిన్నేం చేసిందే?"

"ఏం చెయ్యలేదు. ఇంకా ముఖపరిచయం కాలేదుగా."

ప్రదర్శన ముందు రోజు ఉదయం లైబ్రరీకి రెండు వందల పుస్తకాలు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఎవరో లాయరుగారు పోతే పిల్లలు బీరువాలు ఖాళీ చేసి పంపారు. పుస్తకాలు చదివేవాడు పోయాకే లైబ్రరీకి ఇవ్వాలని బుద్ధి పుడుతుంది లోకానికి. వాటితో పాటు కట్ట కట్టిన పాత పటాలు కూడా కొన్నున్నాయి. పెద్ద బల్ల నిండిపోయింది. బల్ల ఒక చివర, పటాల పక్కనే, అట్ట మీద పెట్టిన ఆడబిడ్డ కాగితాలు.

పని ఎప్పటిలాగే మొదలైంది. ముద్రక్క ముద్ర కొట్టి, నంబరు మిషనుతో నంబరేసి, పక్కకి జరుపుతుంది. పక్కన కూర్చున్న లైబ్రేరియన్ ఆ నంబరూ పేరూ పెద్ద రిజిస్టరులో రాస్తాడు. ఆ రిజిస్టరులోకి ఎక్కిందల్లా ఇక లైబ్రరీ సొత్తే. పుస్తకానికి మూడు ముద్రలు, విడి కాగితమైతే కింద కుడి మూల ఒకటి. ఈ పని ముద్రక్క చెయ్యదు, ముద్రక్క చెయ్యి చేస్తుంది. చేతికి కళ్లక్కర్లేదు.

సరిగ్గా పటాల దగ్గరికొచ్చేసరికి హాల్లో ఇద్దరు ముసలాళ్లు గళ్లనుడికట్టు ఉన్న పేజీ కోసం పేపరుని చెరో చివర లాగుతున్నారు. "చిరిగిందంటే ఇద్దరిచేతా అతికిస్తాను" అని ముద్రక్క అటు తిరిగి కేకలేస్తూనే ఉంది. చెయ్యి కొడుతూనే ఉంది. ఆ ముసలాళ్ల గొడవ వింటూ లైబ్రేరియన్ ముసిముసిగా నవ్వుతూ రాస్తూనే ఉన్నాడు. పటం ఒకటి. పటం ఒకటి. గది బొమ్మ ఒకటి. గది బొమ్మ ఒకటి.

ముసలాళ్లు చల్లబడ్డారు. ముద్రక్క ఇటు తిరిగింది. చేతి కింద పదకొండో గది ఉంది. నేల మీద పడ్డ ఎండ పక్కన, కుడి మూల, ఊదారంగు ముద్ర ఇంకా తడిగా మెరుస్తోంది.

ముద్రక్క కొంగు తడిపి ఒక మూల అద్ది చూసింది. పోలేదు. పోకూడదనే కదా ఆ ఇంకు.

"రిజిస్టరులో కొట్టెయ్యండి సార్."

లైబ్రేరియన్ మొదటి పేజీ తిప్పి చూపించాడు. అచ్చేసి ఉంది: కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉండరాదు. "ఏడాదికోసారి పై ఆఫీసు వాళ్లొచ్చి గీత గీతకీ జవాబడుగుతారక్కా. నెలాఖరుకి కదా ఇవ్వాల్సింది. అప్పుడు చూద్దాం."

అప్పుడు చూద్దాం అన్నవాడు అప్పుడు కూడా చూడడు. ఆ సంగతి ముద్రక్కకి తెలుసు. అయినా నోరెత్తలేదు. ముద్ర కొట్టిన చెయ్యి తనదే.

మొదటి రోజు సాయంత్రం పని దిగాక ఆడబిడ్డ వచ్చింది. ముద్రక్క గుమ్మంలోనే పట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆడబిడ్డ గోడ దగ్గరికెళ్లి ఒక ముద్రని బొటనవేలితో తడిమింది.

"పదకొండూ ఒకే ఎత్తులో, ఒకే మూల. అటు చూస్తూ కొట్టావా? చెయ్యి బానే కుదిరింది."

"తిట్టవే. తిడితే నాకు బరువు తగ్గుతుంది."

"అందుకే తిట్టను" అంది ఆడబిడ్డ. ముద్ర మీంచి వేలు తీసి, "మరక పడని గోడుంటుందా వదినా? పోనీ. నా చేతికొస్తే చాలు" అంది.

రిజిస్టరు సంగతి కూడా ముద్రక్క చెప్పింది. కానీ గొంతు తగ్గించి చెప్పింది. ఆడబిడ్డ అప్పటికి గోడెదురుగా బల్ల మీద కూర్చుని తన బొమ్మల్ని దూరం నుంచి చూసుకుంటోంది. అంత దూరం నుంచి వాటిని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆమె ఇంట్లో అంత దూరం లేదు.

ఆ నెల హాల్లో ఒక వింత జరిగింది. సూర్యాస్తమయాలప్పుడూ పూలకుండీలప్పుడూ పేపర్లోంచి తలెత్తనివాళ్లు తలెత్తారు. ఏముంది అందులో, ఖాళీ గదులేగా అంటూనే చూశారు. మూడో రోజు నుడికట్టు ముసలాయన ఒకడు లేచి ముక్కు ఆనించి చూసి, "ఈ గూడు మా ఇంట్లోదిరా" అన్నాడు రెండో ఆయనతో. "దీనికి అడ్డంగా ఫ్రిజ్జు పెట్టేశాడు మావాడు. గూడున్న సంగతే మర్చిపోయా." అక్కణ్ణించి అదొక ఆటైపోయింది. వచ్చినవాళ్లంతా కిటికీలు గుర్తుపట్టడం, పందేలు కాయడం. మనుషుల్ని ఇళ్ల నుంచి తెచ్చి చూపించుకోవడం. ముద్రక్క పైకి విసుక్కుంటూనే బొమ్మల దుమ్ము రోజుకి రెండుసార్లు తుడిచింది.

రెండో వారంలో కమిటీ అధ్యక్షుడు వచ్చాడు. పెద్దాయన, ఒకప్పుడు పెద్ద ఆఫీసరు, మాట మెత్తన. ఏడో బొమ్మ దగ్గర ఆగాడు. ఆగినవాడు అరగంట కదల్లేదు. అది ఆయన హాలు.

"ఇంత పెద్దదా మా హాలు" అన్నాడు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. "ఇంత వెలుగుండేదా." పన్నెండేళ్లలో ఆ హాల్లోకి సోఫాలొచ్చాయి, అద్దాల బీరువాలొచ్చాయి, తెరలొచ్చాయి. ఆయన భార్య ఆ ఇంట్లో అడుగుపెట్టింది, కొన్నేళ్లకి పోయింది కూడా. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు దొంగ కన్నీళ్లు కావు. అదే చిక్కు. దొంగవైతే తేలిగ్గా ఉండేది.

ఆ శనివారం కమిటీ కూర్చుంది. ఈ పదకొండు బొమ్మలూ ఊరి సొత్తుగా లైబ్రరీలో శాశ్వతంగా ఉండాలని పెద్దాయన ప్రతిపాదించాడు. వాటికి అప్పటికే నంబర్లు పడ్డాయని లైబ్రేరియన్ చెప్పగానే, "ముందుచూపున్న పని చేశావయ్యా" అని భుజం తట్టాడు. అది ముందుచూపు కాదు, అటుచూపు అని చెప్పే ధైర్యం ఆ కుర్రాడికి లేకపోయింది.

ముద్రక్క ఈ మాట మోసుకుని ఆదివారం ఆడబిడ్డ ఇంటికెళ్లింది. ఆమె కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది.

ముద్రక్క మనసులో ఒకటుంది. దాచడం ఎందుకు, ఆ మనసుకీ ఆ బొమ్మలు అక్కడే ఉండాలనుంది. ఇరవై ఆరేళ్లుగా ఎవరెవరివో ఎక్కించి దించిన గోడ మీద తనవాళ్లవి ఉన్నాయి. పొద్దున తలుపు తీయగానే కనబడతాయి. ఇక్కడైతే మంచం కింద రేకుపెట్టెలో పడుంటాయి.

"ఉండనివ్వరాదటే? కింద నీ పేరు రాయిస్తారట. అందరూ చూస్తారు."

ఆడబిడ్డ తరగడం ఆపింది. "పెద్దాయనింట్లో ఆ హాలు నునుపుకి తొమ్మిది రోజులు పట్టింది వదినా. మొన్న మూడేళ్ల కింద వాళ్ల పెరటిగోడ పగిలితే పిలిచారు. దాహమేసిందంటే నీళ్లు బయటికి తెచ్చిచ్చారు. మంచి గ్లాసులోనే ఇచ్చారు. లోపలికి మాత్రం రమ్మనలేదు. హాలెలా ఉందో చూద్దామనుకున్నా, తెరేసుంది." మళ్లీ కత్తిపీట కేసి వంగింది. "ఇల్లు ఎలాగూ వాళ్లదే. కట్టించుకున్నారు. ఇది నన్నెవరూ గియ్యమన్లేదు, నేను గీసుకున్నా. దీనికి కూడా నేను గుమ్మం బయటేనా?"

ముద్రక్కకి ఆ వంకాయల వాసన మధ్య ఎందుకో సిగ్గేసింది. లేచి నీళ్లు తాగి, ఇంకో వంకాయ అందించింది.

ముప్పయ్యో తారీకు సాయంత్రం ఆడబిడ్డ ఒక పాత దుప్పటి చంకన పెట్టుకుని లైబ్రరీకొచ్చింది, చుట్టి తీసుకెళ్లడానికి. లైబ్రేరియన్ బల్ల వెనకున్నాడు. పెద్దాయన ఏడో బొమ్మెదురుగా కూర్చుని ఉన్నాడు. రోజూ కూర్చుంటున్నాడు.

"ఇవ్వడానికి వీల్లేదమ్మా" అన్నాడు లైబ్రేరియన్, చెమట తుడుచుకుంటూ. "రిజిస్టరులోంచి ఏదైనా తీసెయ్యాలంటే మూడే కారణాలుండాలి. పోయిందనో, చిరిగిందనో, పురుగు తిన్నదనో. ఇవి మూడూ కావు."

"పురుగు తిన్నదని రాస్తే?" అంది ముద్రక్క.

"అబద్ధం రాయమంటావా అక్కా? తనిఖీకొచ్చి పురుగేదని అడిగితే?"

"రాయొద్దు" అంది ఆడబిడ్డ. "నా గోడకి పురుగు పట్టిందని నేనూ ఒప్పుకోను."

లైబ్రేరియన్ ఒక దారి కనిపెట్టాడు. పాపం రెండు రోజులు ఆలోచించి కనిపెట్టాడు. "మీకు సభ్యత్వ కార్డు ఇస్తాను. మీరు వీటిని పుస్తకాల్లాగే తీసుకెళ్లొచ్చు. పద్నాలుగు రోజులకోసారి తెచ్చి చూపించి మళ్లీ తీసుకెళ్లండి. ఎన్నాళ్లైనా."

"అంటే నా చెప్పులు నేను అరువు తెచ్చుకుని తొడుక్కోవాలా బాబూ?"

పెద్దాయన లేచి వచ్చాడు. "అమ్మా, నా మాట విను. ఇక్కడుంటే ఊరంతా చూస్తుంది. మీ ఇంట్లో ఎలకలు కొడతాయి."

"కొడితే మా ఇంటి ఎలకలేగా అండీ కొట్టేది."

"నీకు తక్కువేం చెయ్యడం లేదు. కింద పలక మీద నీ పేరు చెక్కిస్తాను."

"మీ ఇంటి గేటుకీ పలకుందండీ. దాని మీద మీ పేరే ఉంది, ఇల్లూ మీ దగ్గరే ఉంది."

ఆమె గొంతు పెంచలేదు. పెద్దాయనకి ఒక క్షణం అందలేదు, ఆ తర్వాత అందింది. నుడికట్టు ముసలాళ్లిద్దరూ పేపరు దించారు. "సొమ్మొకడిది సోకొకడిది" అన్నాడొకడు, ఎవరితో అని లేకుండా. రెండోవాడు వాడి కాలు తొక్కాడు.

"మమ్మల్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాడు పెద్దాయన. "ముందే అడిగుంటే ఇచ్చేదానివా?"

"ఏమో అండీ. అడగలేదుగా."

లైబ్రేరియన్ రిజిస్టరు అట్ట మీద చెయ్యి వేసి, దాన్ని కాపలా కాస్తున్నవాడిలా నిలబడ్డాడు.

ముద్రక్క ఆ చేతినే చూసింది. ఈ కుర్రాడు చెడ్డవాడు కాదు. ఈ పెద్దాయనా చెడ్డవాడు కాదు. ఒక్క చెడ్డవాడూ లేకుండానే ఒక మనిషి సొత్తు ఇంకొకరిదై కూర్చుంది. ఒక ముద్ర పడితే, ఒక గీత గీయకపోతే చాలు, ఇలాగే అవుతుంది కాబోలు. ఆ ముద్ర తనది. గీత ఎవరిదో ఒకరిది కావాలిగా.

"సార్, చెయ్యి తియ్యండి" అంది.

"అక్కా, రిజిస్టరులో అటెండర్లు రాయకూడదు."

"అటెండరు తన తప్పు తను ఒప్పుకోకూడదని మాత్రం అందులో రాసి లేదు. వెతికా. చెయ్యి తియ్యండి."

గట్టిగా లాగితే ముద్రక్క ఆ రిజిస్టరు లాక్కోగలదు. కానీ ఆ చెయ్యి దానంతటదే పక్కకి జరిగింది. ముద్రక్క ఆ పేజీ తీసి, స్కేలు పెట్టి, ఒక్కో వరసనీ ఎర్ర ఇంకుతో కొట్టింది. పదకొండు గీతలు. తొందరపడలేదు. పక్కనున్న ఖాళీ గడిలో, పేజీ అంచు దాకా పాకేలా, తన కోడికాళ్ల రాతలో రాసింది: "ఈ పదకొండూ మనవి కావు. చూపించడానికి అడిగి తెచ్చినవి. ముద్ర పొరపాటున నేను కొట్టాను. సొంతదారుకి నా చేత్తో ఇచ్చేశాను." కింద సంతకం పెట్టింది, అసలు పేరుతో. లైబ్రేరియన్ వంగి ఆ పేరు చదివాడు, కొత్త మనిషిని చూసినట్టు.

ఆ తర్వాత స్టూలెక్కి బొమ్మలు ఒక్కొక్కటే దింపింది. ఆడబిడ్డ కింద నిలబడి అందుకుంది. రద్దయిన పుస్తకాలకి కొట్టే ముద్ర ఒకటుంది, అది కూడా కొట్టాలేమో అన్నాడు లైబ్రేరియన్ నసుగుతూ. "ఉన్నది చాలు బాబూ" అంది ఆడబిడ్డ, దుప్పటి పరుస్తూ.

ఏడోది దింపుతుంటే పెద్దాయన దగ్గరికొచ్చాడు. అడగాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. చివరికి అడిగాడు. "ఇదొక్కటి… నాకు ఇవ్వగలవా అమ్మా?"

ఈసారి అడిగాడు. ఆడబిడ్డ ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని కాసేపు చూసింది.

"ఇవ్వనండీ" అంది. "చూడాలనిపిస్తే మా ఇంటికి రండి. కలప అడితి వెనక సందు, మూడో తలుపు. ఆదివారం ఇంట్లోనే ఉంటా."

పెద్దాయన తల ఊపాడు. ఒప్పుకున్నట్టో కాదన్నట్టో తెలీలేదు. "మూడో తలుపు" అన్నాడు మెల్లిగా. చేతికర్ర తీసుకుని వెళ్లిపోయాడు.

దుప్పటి మూటకి ముద్రక్క సుతిలి కడుతుండగా లైబ్రేరియన్ తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నాడు. మెమో ఇవ్వక తప్పదు. ఇవ్వకపోతే తనకొస్తుంది. రెండు వాక్యాలు రాసి ఆగాడు.

"అక్కా, ఇక్కడ ఏమని రాయమంటావు? పొరపాటు అని రాస్తే చిన్నదైపోతుంది. పై ఆఫీసు వాళ్లు ఊరుకుంటారు."

ముద్రక్క ముడి బిగించి పళ్లతో సుతిలి తెంపింది.

"ముద్ర కొట్టడం పొరపాటని రాయండి సార్. గీత కొట్టడం తెలిసే చేసిందని రాయండి."

మూటకి ఒక చివర ఆడబిడ్డ పట్టుకుంది, ఒక చివర ముద్రక్క పట్టుకుంది. మెట్లు దిగుతుంటే, "నెమ్మదిగా దిగు వదినా, గదులు కుదిపేస్తున్నావు" అంది ఆడబిడ్డ.